తెల్లగా చెయ్యని సబ్బు

"గీ సబ్బు ఇంతగనం ఎవరు అరగదీసిండ్రు?"

మా ఇంట్లో పొద్దు ఈ మాటతోనే మొదలయ్యేది. మా అత్తమ్మ మల్లవ్వ మోరీ ముందు పీట వేసుకుని కూర్చుని, మా ఆయన సబ్బును రెండు వేళ్ల మధ్య ఎత్తిపట్టి, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తరిగిందో చూసేది. కామాటిపుర పదకొండో గల్లీలోని వరస గదుల చాల్‌లో మాది ఒక్కటే గది. ఆ గదికి ఒక మూల నడుమెత్తు గోడ కట్టి ఉండేది. దాని వెనక జాగానే మోరీ. స్నానాలూ, అంట్లూ, బట్టలూ అన్నీ అక్కడే. ఆ గోడ మీద మూడు రకాల సబ్బులుండేవి. గులాబి రంగు వాసన సబ్బు మా ఆయన శంకర్రావుది. ఆయన ఫోర్ట్‌లో ఒక పెద్ద ఆఫీసు బిల్డింగులో లిఫ్ట్‌మన్. "పొద్దుందాక మూసిన డబ్బాల సాబ్‌లోళ్ల నడుమ నిలవడెటోన్ని, నాకు చెమట వాసన రావద్దు" అనేవాడు. ఎర్ర సబ్బు అత్తమ్మకూ, మా బిడ్డ మంగళకూ. నాది బట్టల సబ్బు. నువ్వు బట్టల సబ్బుతోనే స్నానం చెయ్యాలని నాకెవరూ చెప్పలేదు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఒకసారి ఆయన సబ్బు రాసుకుని బయటికొస్తే, అత్తమ్మ గాలి పీల్చి చూసి, "ఇయ్యాల ఎవరికి చూపిచ్చేదున్నదమ్మా?" అంది. ఆ ఒక్క మాట సరిపోయింది. ఆ తర్వాత పదహారేళ్లు నేనా సబ్బు వైపు చెయ్యి చాపలేదు.

నేను బీడీలు చుట్టేదాన్ని. మా గల్లీలో ఆడవాళ్లు చాలామంది చుట్టేవాళ్లు. వంటయ్యాక చాట ఒళ్లో పెట్టుకుని వరండాలో వరసగా కూర్చునేవాళ్లం. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవడం. చూపు ఎక్కడున్నా వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. పెళ్లిచూపులకొచ్చినప్పుడు మా అత్తమ్మ నన్ను చూసి మా అమ్మతో అన్న మాట కూడా ఈ వేళ్ల గురించే. "పిల్ల రంగు తక్కువనే. గని చెయ్యి మస్తు జోరున్నది." ఆ చేతులకు ఆకు పసరు నల్లగా పట్టేసింది, గోళ్లలోకి తంబాకు దిగిపోయింది. ఎంత రుద్దినా పోని ఘాటు. "అన్నం గూడ తంబాకు వాసనే కొడుతుందేమే" అని కంచం జరిపేసేవాడు ఆయన. రాత్రి పక్కమీద నా చెయ్యి తగిలితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. మా ఆయన మంచివాడని చాల్‌లో అందరూ అనేవారు, నేనూ కాదనను. కాని మంచివాడు కూడా గోడవైపు తిరగగలడు. ఆ బీడీల కూలి డబ్బులు మాత్రం ఆయనకు ఎన్నడూ వాసన రాలేదు. ఆ సంగతి నాకు పక్కమీదే తట్టేది. తెల్లారితే నీళ్ల బిందెల దగ్గర మరిచిపోయేదాన్ని.

మిల్లుల సమ్మె చల్లారిపోయిన మరుసటి ఏడు. మా చాల్ వెనక పాత ఇల్లు పడగొట్టి కొత్త బిల్డింగు లేపుతున్నారు. పనివాళ్లంతా పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో వెంకటమ్మ అనే ఆమె మా నల్లా దగ్గరికి నీళ్లకొచ్చేది. మనిషి సన్నగా, నవ్వు పెద్దగా ఉండేది. పరాయి ఊళ్లో తెలుగు మాట వినబడ్డందుకే సంబరపడి రోజూ నాతో రెండు మాటలు మాట్లాడి పోయేది. ఆమె చేతులు చూసి నేను నా చేతుల బాధ మరిచిపోయాను. సిమెంటు తిని వేళ్ల సందులు ఎర్రగా పగిలి ఉండేవి. ఒకరోజు ఆ పగుళ్ల మీద ఏదో మెరుస్తుంటే ఏమిటని అడిగాను.

"తేనెక్కా. మాది అమ్రాబాదు కాడ. అడవి తేనె. ఊరికి పొయ్యొచ్చినప్పుడల్లా డబ్బా నింపుకొస్త. సిమెంటు తిన్న చేతికి గిదే మందు. జెర నీకు గూడ పెట్టనా?"

నా జవాబు కోసం ఆగలేదు. నా అరచెయ్యి లాక్కుని ఒక చుక్క వేసి తన మొరటు బొటనవేలితో రుద్దింది. నా చెయ్యి అట్లా పట్టుకుని ఒక మనిషి రుద్ది ఎన్నాళ్లయిందో. కళ్లలో నీళ్లు తిరిగితే ఎండ వంక పెట్టి ముఖం తిప్పుకున్నాను. కడుక్కున్నాక చెయ్యి మెత్తగా ఉంది, తంబాకు ఘాటు కొంచెం వెనక్కి తగ్గింది. మర్నాడు వెంకటమ్మ చిన్న సీసాలో తేనె తెచ్చి ఇచ్చింది. అందులో తేనెపట్టు ముక్కలు కూడా తేలుతున్నాయి. బదులుగా నేను జొన్నరొట్టెలు కట్టిచ్చాను.

సబ్బు సంగతి నాకు ఎలా తట్టిందంటే, అరిగిపోయిన పెచ్చుల వల్ల. ఆయన సబ్బు పలచబడి చేతిలో నిలవకపోతే పారేసేవాడు. ఆ పెచ్చులు పారెయ్యబుద్ధికాక ఒక డబ్బాలో వేసేదాన్ని. ఆ మధ్యాహ్నం అవన్నీ గోరువెచ్చని నీళ్లలో కరగబెట్టి, శనగపిండి, ఎండబెట్టి దంచిన సంత్రా తొక్కల పొడి, వెంకటమ్మ తేనె వేసి ముద్ద చేశాను. మచ్చలు మచ్చలుగా వచ్చింది. కాని దాంతో చేతులు రుద్దుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటే సంత్రా వాసన! నా చేతులే అవి. ఎవరి చేతులో అన్నట్టు చాలాసేపు వాసన చూశాను.

పక్క గది రత్నక్కకు చూపించాను. రత్నాబాయి విధవ. నాకన్నా పదేళ్లు పెద్ద. శివ్డీ వైపు ఒక చిన్న సబ్బుల కార్ఖానాలో, అది మూతపడేదాకా పనిచేసింది. నా ముద్ద చూసి పడి పడి నవ్వింది.

"గిది సబ్బు గాదే గంగా, ఖిచిడీ! సబ్బు చేసుడంటే గిట్ల గాదు. కాస్టిక్ సోడా తే. ఖోబ్రా నూనె తే. నేను నేర్పిస్త రా."

రత్నక్క మెల్లగా, ఒక్కటొక్కటిగా చెప్పింది. "సోడాను నీళ్లల్ల పొయ్యాలె. నీళ్లు సోడాల పొయ్యొద్దు, మొకం మీదికి ఎగురుతది. నూనెల పోసినంక జావ తీరు చిక్కవడేదాక కలుపుడు ఆపొద్దు. ఎవరు పిలిచినా లేవొద్దు." ఎవరు పిలిచినా లేవకూడని పని ఒకటుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను చేసే ప్రతి పనీ మధ్యలో ఆపి లేవడానికి వీలైనదే. అన్నం తింటూ లేచేదాన్ని, జ్వరంలో లేచేదాన్ని, బీడీ మూతి మడవకుండానే లేచేదాన్ని.

మొదటిసారి రత్నక్క లేని పూట తొందరపడి నేనొక్కదాన్నే మొదలుపెట్టాను. చేతికందిన గిన్నెలో సోడా నీళ్లు పోశాను. అది అత్తమ్మ అల్యూమినియం డేక్షా. పోసిన మరుక్షణం గిన్నె బుసబుస పొంగి, నల్లబడి, గదంతా ఘాటైన ఆవిరి కమ్మింది. అత్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వరండాలోకి పరుగెత్తి, "ఇల్లు గాలవెడుతున్నది నా కోడలు!" అని కేక పెట్టింది. మా అంతస్తు, మాలె మాలెంతా బయటికొచ్చింది. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి సంగతి విని, "నీకెందుకే ఇవన్ని? బీడీలు చుట్టుకో, సుఖంగ ఉంటవు" అన్నాడు. ఆ 'సుఖం' అనే మాటకు నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. చోర్‌బజారులో పాత ఎనామిలు గిన్నె ఒకటి వెతికి కొనుక్కొచ్చాను.

రెండోసారి తేనె ఎక్కువైంది. తేనె పడగానే సబ్బుకు వేడి పుడుతుంది. అచ్చుకని చెక్కపెట్టెలో పోసిన సబ్బు పొంగి, పగిలి, మాడిన బెల్లం రంగుకు తిరిగింది. మూడోసారి కుదిరింది. వేపాకు వేసి కాచి చల్లార్చిన ఖోబ్రా నూనె, కొంచెం ఆముదం, చివర్లో గోరువెచ్చటి నీళ్లలో కలిపిన రెండు చెంచాల తేనె, చిటికెడు పసుపు. మర్నాడు పెట్టెలోంచి తీసి దారంతో కోస్తే లోపలంతా తేనె రంగు. ఇక దాన్ని అటక మీద ఆరబెట్టాలి. నెల దాటాలి, అప్పుడే వాడాలి. పచ్చి సబ్బు చర్మాన్ని కొరుకుతుందని రత్నక్క గట్టిగా చెప్పింది. ఆ నెల నాకు ఎంత బాగా గడిచిందో చెప్పలేను. చపాతీలు చేస్తున్నా, బట్టలు పిండుతున్నా, తల పైన అటక మీద నా పని ఒకటి నిదానంగా తయారవుతోందని తెలుస్తుండేది. ఎవరికీ వడ్డించనక్కర్లేని, ఎవరూ తిని లేచిపోలేని పని.

తేనెపట్టు మైనాన్ని కూడా పారెయ్యలేదు. కరిగించి, వడగట్టి, నువ్వుల నూనెలో కలిపి, కాస్త కర్పూరం వేసి కాళ్ల పగుళ్లకు మందు చేశాను. అది మొదట అత్తమ్మకే రాశాను. ప్రేమతోనని చెబితే అబద్ధం. ఎవరి మీదన్నా రాసి చూడాలి, ఆమె కదలకుండా కూర్చునే మనిషి. ఆమె మడమల పగుళ్లలో వేలు దూరుతుంది. వయసులో సున్నం తట్టలు మోసిన కాళ్లు. ఈ నగరంలో ఆమె మెట్లెక్కి మోయని బిల్డింగు లేదు. వద్దు వద్దంటూనే కాళ్లు చాపింది. రాస్తుంటే కాసేపటికి కళ్లు మూసుకుంది.

"సున్నం పనికి పొయ్యొస్తే చేతులు మండుతుండె గంగా," అంది, కళ్లు తెరవకుండానే. "కడుక్కునేతందుకు మా అత్త నాకు బూడిదిచ్చేది. సబ్బు మీ మామది. నేను నీకు బట్టల సబ్బన్న ఇచ్చిన."

వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే, తను నాకొక మెట్టు మంచి చేసినట్టు చెప్పింది. నేను ఆమె మడమ పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఇన్నేళ్లుగా ఆమెను సబ్బుకు కాపలా మనిషిగానే చూశాను. ఆమె చేతికి ఎవరూ సబ్బే ఇవ్వలేదన్న సంగతి నాకు తెలియదు. ఆ రోజు నుంచి పొద్దున్నే ఆ పీట మీద తనిఖీ మానేసిందా అంటే, లేదు. మానలేదు. కాని సాయంత్రం కాళ్లు చాపి, "ఏదీ నీ మైనం?" అనేది.

నెల తిరిగాక సబ్బులు అటక దిగాయి. వరండాలో బీడీలు చుట్టే ఆడవాళ్లందరికీ తలా ఒక ముక్క ఇచ్చాను. వారం లోపలే వచ్చి ఇంకా కావాలన్నారు. వెంకటమ్మ తన గుంపు ఆడవాళ్లకు తీసుకుపోయింది. అంట్ల పనికి పోయేవాళ్లు వచ్చారు. పక్క గల్లీలో గిరాకీల కోసం గుమ్మాల్లో నిలబడే ఆడవాళ్లలో ఒకామె, మా వైపు ఎప్పుడూ తలెత్తి చూడనామె, మెట్ల కింద నిలబడి, "చంటిదానికి చెమటకాయలు లేచాయి, పనిచేస్తుందా?" అని హిందీలో అడిగింది. పసుపు వెయ్యని ముక్క ఒకటి తెచ్చిచ్చాను. మళ్లీ వచ్చినప్పుడు బిడ్డనెత్తుకుని వచ్చింది. చెప్పుకోవడానికి ఇది పెద్ద వ్యాపారమేమీ కాదు. కాని ఈ చేతులతో నేను చేసినదాన్ని ఇంకొక ఆడమనిషి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటే, నా లోపల ఏదో నిటారుగా నిలబడేది.

ఆయన దీన్నంతా చూసీచూడనట్టే ఉన్నాడు. ఒకరోజు తన వాసన సబ్బు అయిపోయి నా తేనె సబ్బుతో స్నానం చేసి డ్యూటీకి పోయాడు. లిఫ్టులో ఎవరో మేడమ్, "శంకర్, ఏం సెంటు రాశావు?" అని అడిగిందట. దాంతో ఆయనకు నా సబ్బు కనబడటం మొదలైంది. రెండు ముక్కలు కాగితంలో చుట్టుకుపోయాడు. ఆ బిల్డింగుకు వస్తూ పోతూ ఉండే ఒక సేఠ్‌కు చూపించాడు. ఆ సేఠ్‌కు గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర స్నో, పౌడర్, గాజులు అమ్మే దుకాణముంది.

ఒక శనివారం సాయంత్రం ఆ సేఠ్ మా గదికే వచ్చాడు. మా ఆయన హడావిడి చూడాలి. కుర్చీ కోసం పక్కింటికి పరుగెత్తాడు. నన్ను చాయ్ పెట్టమన్నాడు. సేఠ్ నెమ్మదైన మనిషి, మాటలో మర్యాద ఉంది. సబ్బు వాసన చూశాడు, గోటితో గీకి చూశాడు.

"మాల్ అచ్చా హై, భాభీ. మొత్తం నేనే తీసుకుంటాను. రంగు మాత్రం మార్చండి. తెల్లగా ఉండాలి. పైన కాగితం మీద మేము రాయిస్తాం. తేనె సబ్బు, నెల రోజుల్లో గోరా రంగు."

"ఇది రంగు మార్చదు సేఠ్," అన్నాను.

"అందరూ అదే రాస్తారు. అది రాయకపోతే కొనేదెవరు? ఆడవాళ్లకు ఇంకేం కావాలి?" గది మూలలో పుస్తకం పట్టుకుని కూర్చున్న మంగళ వైపు చూసి నవ్వాడు. "ముందు ఈ బేటీకే వాడి చూడండి. నెలలో చూడండి ఎట్లా మెరుస్తుందో."

"హౌ సేఠ్, బరాబర్!" అని మా ఆయన పెద్దగా నవ్వాడు. అత్తమ్మ కూడా అందుకుంది. "మా పిల్లకే ముందల రుద్దాలె. అన్ని తల్లి పోలికలే వచ్చినయ్." ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అందరూ నవ్వుతూనే ఉన్నారు. మంగళ తలెత్తలేదు. పుస్తకం పేజీ తిప్పింది. పదిహేనేళ్ల పిల్ల. నాలాగే నలుపు. స్కూల్లో మరాఠీలో మాట్లాడుతుంది, ఇంట్లో మాతో తెలుగులో మాట్లాడుతుంది, తనలో తాను ఏ భాషలో మాట్లాడుకుంటుందో నాకు తెలియదు. సేఠ్ వెళ్లేముందు, ఆలోచించుకోమంటూ "సోచో భాభీ" అన్నాడు. మా ఆయన నా బదులు తనే, "సోచనా క్యా సేఠ్, పక్కా" అని మెట్లదాకా వెళ్లి సాగనంపాడు.

ఆ తర్వాత మూడు నాలుగు రోజులకు, నేను నీళ్లు పట్టి వచ్చేసరికి మోరీలోంచి సన్నగా మూలుగు వినబడింది. చూస్తే మంగళ. ముఖమంతా నురగ. కడుగుతుంటే బుగ్గలు కందిపోయి ఎర్రగా, అక్కడక్కడా పొర లేచి ఉన్నాయి. చేతిలో సబ్బు చూశాను. అటక మీద మొన్ననే కోసి పెట్టిన పచ్చి సబ్బు. బిందె అక్కడే దించి దాని ముఖం మీద నీళ్లు పోస్తూనే ఉన్నాను. పట్టి తెచ్చిన నీళ్లన్నీ అయిపోయేదాకా పోశాను.

"అది పచ్చి సబ్బే బిడ్డా, ఎందుకు రుద్దినవ్?"

"జల్ది తెల్లగైతనని," అంది, వెక్కుతూ. "కొత్తది ఎక్కువ పనిజేస్తదనుకున్న. సేఠ్ చెప్పిండు గద. బాపు గూడ హౌ అన్నడు. అమ్మా, నువ్వు జేసిందే గద. నువ్వు జేసింది పనిజేస్తదనుకున్న."

సేఠ్ మాట నమ్మిందంటే ఊరుకునేదాన్నేమో. నా చేతి పని మీద ఉన్న నమ్మకంతో అది తన ముఖం కాల్చుకుంది. నాగ్‌పాడా డాక్టరు చూసి, పై పొర మాత్రమే, మానుతుంది, మచ్చ ఉండదు అని మందు రాసిచ్చాడు. ఇంటికొచ్చాక అత్తమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని విసనకర్రతో విసురుతూ కూర్చుంది. "నా నోటికి పురుగులు పడ, నేనెందుకన్న గామాట" అని తనలో తాను గొణుక్కుంటూనే ఉంది. "ఆజీ, చూప్ బస్ గ," అని మంగళ ఊరుకోమంటూ మరాఠీలో విసుక్కుంటే కాసేపు ఆగి, మళ్లీ మొదలుపెట్టేది.

మరుసటి రోజు మంచి చీర కట్టుకుని గ్రాంట్ రోడ్‌కు నడిచాను. ఆయనకు చెప్పలేదు. దారంతా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. దుకాణం గుమ్మంలో నిలబడగానే అన్నీ మరిచిపోయాను. అద్దాల బీరువాల నిండా డబ్బాలు. ప్రతి డబ్బా మీదా తెల్లటి అమ్మాయి బొమ్మ. నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్న బొమ్మలే. వాటిలో ఒక్కటీ మా గల్లీ ఆడదానిలా లేదని ఆ రోజే గమనించాను.

"సేఠ్, నా సబ్బు మీద ఆ మాట రాయకపోతే ఇస్తాను. రాస్తే ఇయ్యను," అన్నాను హిందీలో.

సేఠ్ కోప్పడలేదు. "భాభీ, ఒక్క మాట కోసం ఇంత మంచి మౌకా వదులుకుంటారా? అది వట్టి రాతే కదా."

"నా బిడ్డ ఆ మాట నమ్మింది సేఠ్. ముఖం కాలింది."

సేఠ్ ముందున్న డబ్బా ఒకటి సర్ది పెట్టాడు. తనకూ కూతుళ్లున్నారేమో, నాకు తెలియదు. చివరికి, "ఆ మాట లేకుండా నా దుకాణంలో అమ్ముడుపోదు. అబద్ధం చెప్పను మీకు," అన్నాడు. మర్యాదగానే విడిపోయాం. బయటికొచ్చాక ఉసూరుమనలేదు. స్టేషన్ బయట ఒక గ్లాసు చెరుకురసం తాగాను. ఒక్కదాన్నే నిలబడి, నిదానంగా, ఎవరికీ సగం ఇవ్వకుండా తాగాను.

ఆయనకు సంగతి లిఫ్టులోనే తెలిసింది. ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే అన్నాడు.

"నలుగురి ముందట నా ఇజ్జత్ ఏం గావాలె? పక్కా అని నేను చెప్పినంక, నువ్వు పోయి వద్దనొస్తవా?"

"సబ్బు నాది గద," అన్నాను. "పక్కా అనుడు గూడ నాదే గావాలె."

నేను గొంతు పెంచలేదు. అందుకే కావచ్చు, ఆయనా పెంచలేదు. మంగళ బుగ్గల మీద మందు పూసి ఉంది. దాని వైపు చూశాడు. వచ్చి పక్కన కూర్చుని, "మండుతున్నదా బేటా?" అని అడిగాడు. "నై" అంది మంగళ. ఆ రాత్రి ఆయన సబ్బు ఊసెత్తలేదు. "ఇగ బంద్ జేస్తవు గద గిదంత?" అని మర్నాడు పొద్దున బూట్లు తొడుక్కుంటూ అడిగాడు. "లేదు," అన్నాను.

బంద్ చెయ్యలేదు. మంగళ ముఖం మానింది. తను పుట్టిన రంగుకే, నునుపుగా మానింది. నల్లా దగ్గర ఎవరన్నా కొత్తవాళ్లు, "గిది రుద్దితే తెల్లగైతరా?" అని అడిగితే నేను నోరు తెరవకముందే అదే చెప్పేది. "కారు. సాఫ్ అయితరు, మెత్తగైతరు. తెల్లగ గావాల్నంటే సున్నం ఏసుకోండ్రి." ఆ మాటకు వెంకటమ్మ బిందె దించి మరీ నవ్వేది. కొందరు వెనక్కి పోయేవారు, చాలామంది కొనేవారు. రత్నక్కా నేనూ మాట్లాడుకుని, ఆదివారం ఆదివారం సబ్బు పొయ్యాలని అనుకున్నాం. మిగతా రోజుల్లో నీళ్లు, వంట, బీడీల మధ్య చెయ్యి ఆడదు. పిలిచినప్పుడల్లా లేస్తే సబ్బు విరిగిపోతుంది.

ఆ మొదటి ఆదివారం రత్నక్క నేనూ కిటికీ కింద ఎనామిలు గిన్నె పెట్టుకుని కూర్చున్నాం. సోడా నీళ్లు నూనెలో పోశాం. కర్రగరిటె నా చేతిలో ఉంది. ఆదివారమంటే మా ఇంట్లో ఆయన మటన్ తెచ్చే రోజు. సంచి తెచ్చి మోరీ గట్టు మీద పెట్టాడు. చాప మీద కూర్చుని పేపరు విప్పాడు. కాసేపటికి పేపరు పక్కన పెట్టాడు.

"ఏమే గంగా, అన్నం?"

గిన్నెలో అప్పుడప్పుడే చిక్కబడుతోంది. "నువ్వు పో, నేను కలుపుత," అని రత్నక్క మెల్లగా చెయ్యి చాపింది. నేను గరిటె ఇవ్వలేదు. ముసలి ప్రాణం, అలవాటు కొద్దీ అత్తమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోయింది. "అత్తమ్మా, మీరు కూసోండ్రి," అన్నాను. ఆమె నా ముఖం చూసి, ఆయన ముఖం చూసి, నిమ్మళంగా మళ్లీ కూర్చుంది.

"బియ్యం డబ్బాల ఉన్నయ్," అన్నాను ఆయనతో.

మంగళ పుస్తకంలోంచి తలెత్తింది. పదహారేళ్ల కాపురంలో నేను ఆయనకు చెప్పిన మాటల్లో అంత చిన్న మాట లేదు. అంత పెద్దదీ లేదు. ఆయన కొంతసేపు చాప మీదే ఉన్నాడు. తర్వాత లేచిన అలికిడి, డబ్బా మూత తీసిన చప్పుడు, బియ్యం గిన్నెలో పడిన చప్పుడు.

"ఎసరు ఎంత పొయ్యాలె?"

"వేలు ముంచి చూడుండ్రి. బియ్యం మీద ఒక గణుపు లేవాలె."

నీళ్లు పోస్తున్న శబ్దం వినబడింది. చాలాసేపు వినబడింది. ఎక్కువ పోస్తున్నాడని వెనక్కి తిరిగి చూడకుండానే తెలిసిపోయింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, తేనె కలిపిన గోరువెచ్చటి నీళ్లు గిన్నెలో వంచి, గరిటె తిప్పుతూ కూర్చున్నాను. ఆ పూట అందరం మెత్తటి అన్నమే తిన్నాం.